కుండ, కుమ్మరి, గాడిద: ధమనుల వాపుకు కారణమేది?

గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని గోడలు, దాని నుంచి మెడకు, చేతులకు, మూత్రపిండాలకు చీలే పెద్ద కొమ్మల గోడలు కొందరిలో వాచిపోతాయి. వాచిన గోడ దళసరెక్కుతుంది. లోపలి దారి ఇరుకవుతుంది, కొన్నిచోట్ల పూర్తిగా మూసుకుపోతుంది. పెద్ద రక్తనాళాలకు వచ్చే ఈ వాపు జబ్బుల్లో ప్రధానమైనవి రెండు: తాకయాసు ఆర్టెరైటిస్, జెయింట్ సెల్ ఆర్టెరైటిస్. రెండింటిలోనూ రోగనిరోధక వ్యవస్థ సొంత ధమనుల మీదే తిరగబడుతోందన్నంతవరకు వైద్యులకు భేదాభిప్రాయం లేదు. దాన్ని అలా తిరగబడేట్టు చేసింది ఏది అన్న దగ్గరే పేచీ. ఎప్పుడో వచ్చిపోయిన ఇన్‌ఫెక్షన్ ఏదైనా నిప్పు రాజేసిందేమోనన్న అనుమానం దశాబ్దాలుగా ఉంది. క్షయ, సర్పి, న్యుమోనియా, ఇలా ఒక్కో కాలంలో ఒక్కో పేరు ముందుకొచ్చింది. సాక్ష్యాలు సేకరించేది ప్రయోగశాలే అయినా, ఆ సాక్ష్యాలు దేన్ని రుజువు చేస్తాయి అన్న ప్రశ్న మాత్రం తర్కశాస్త్రానిది. ఒకదాన్ని మరొకదానికి కారణమని అనాలంటే ఏం చూపించాలి?

ముందు జబ్బుల సంగతి. 1908లో జపాన్‌లోని కనజావాకు చెందిన కంటివైద్యుడు మికితో తాకయాసు 21 ఏళ్ల యువతి కంటి వెనుక పొరలో ఒక వింత చూశాడు. దృష్టినాడి చుట్టూ సన్నటి రక్తనాళాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి దండ గుచ్చినట్టు కనిపించాయి. ఇలాంటి రోగుల మణికట్టు దగ్గర నాడి అందడం లేదని ఒనిషి, కగోషిమా అనే మరో ఇద్దరు వైద్యులు అదే కాలంలో చెప్పారు. కంట్లో కనిపించిన వింతకూ చేతిలో దొరకని నాడికీ మూలం ఒకటే, మెడకూ చేతులకూ పోయే పెద్ద ధమనులు మూసుకుపోవడం. దీనికి నాడి అందని జబ్బు అన్న పేరు కూడా వచ్చింది. నలభై ఏళ్ల లోపు ఆడవాళ్లలోనే ఎక్కువ. మొదట్లో లోజ్వరం, నీరసం, బరువు తగ్గడం తప్ప మరేమీ ఉండవు. నెలల తర్వాత బట్టలు ఉతుకుతుంటేనో, చెయ్యి పైకెత్తి జడ వేసుకుంటుంటేనో ఒక చెయ్యి లాగేస్తుంది. ఒక చేతికి బీపీ 150 చూపించిన యంత్రం రెండో చేతికి 90 చూపిస్తుంది, లేదా ఏమీ చూపించదు. జపాన్‌లో ఎక్కువగా బృహద్ధమని వంపు, దాని కొమ్మలు దెబ్బతింటే, మన దేశంలో పొట్టలోని బృహద్ధమని, మూత్రపిండాల ధమనులు కూడా తరచుగా దెబ్బతింటాయి. అందుకే ఇక్కడ పాతికేళ్ల అమ్మాయికి విపరీతమైన బీపీ ఉందంటే అనుభవం ఉన్న వైద్యులు రెండు చేతుల నాడీ, కాళ్ల నాడీ పట్టి చూస్తారు.

జెయింట్ సెల్ ఆర్టెరైటిస్ యాభై దాటినవాళ్ల జబ్బు. ఉత్తర యూరప్ మూలాలున్నవారిలో ఎక్కువ, మన దగ్గర తక్కువ. కణతల దగ్గరి ధమని ఉబ్బి తాడులా చేతికి తగులుతుంది. దువ్వెన తగిలితే మాడు నొప్పి. అన్నం నములుతుంటే దవడ పట్టేసి మధ్యలో ఆపుకోవాల్సి వస్తుంది. చికిత్స ఆలస్యమైతే చూపు పోతుంది. 1932లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో హోర్టన్, ఆయన సహచరులు దీన్ని స్పష్టంగా వర్ణించారు.

సూక్ష్మదర్శిని కింద ఈ రెండు జబ్బుల ధమని గోడలూ దగ్గరి చుట్టాల్లా ఉంటాయి. కణాలు గుంపులు కట్టి గడ్డలుగా ఏర్పడతాయి, మధ్యలో అనేక కేంద్రకాలున్న పెద్ద కణాలు కనిపిస్తాయి. క్షయ సోకిన ఊపిరితిత్తిలోనూ గ్రాన్యులోమాలు అనే ఇలాంటి గడ్డలే ఉంటాయి. అనుమానం మొదట క్షయ మీదికి పోవడానికి ఈ పోలిక ఒక కారణం. రెండో కారణం, ఇన్‌ఫెక్షన్ బృహద్ధమనిని పాడుచేయగలదని వైద్యచరిత్ర అప్పటికే ఒకసారి చూపించి ఉండటం. సవాయి రోగం, అంటే సిఫిలిస్, సోకిన పది నుంచి ముప్పై ఏళ్ల తర్వాత బృహద్ధమని తొలిభాగం గోడను తొలిచేసేది. గోడకు రక్తం అందించే సన్న నాళాలు మూసుకుపోయి, లోపలి పొర చెట్టు బెరడులా ముడతలు పడి, చివరికి బుడగలా ఉబ్బి పగిలేది. ఆ క్రిమిని 1905లో షౌడిన్, హాఫ్‌మన్ కనుక్కున్నారు. పెన్సిలిన్ వచ్చాక సిఫిలిస్ తగ్గింది, దానితోపాటు బృహద్ధమనికి వచ్చే ఈ జబ్బూ అరుదైపోయింది. క్రిమి ఉన్నప్పుడు జబ్బు, క్రిమిని తీసేస్తే జబ్బు లేదు. కారణం అన్న మాటకు ఇంతకంటె శుభ్రమైన ఉదాహరణ దొరకదు. తాకయాసు విషయంలో ఇలాంటిది ఒక్కటీ దొరకలేదు.

కారణానికి న్యాయదర్శనం చెప్పిన నిర్వచనం ఇక్కడ పనికొస్తుంది. ఆంధ్రదేశానికి చెందినవాడని ప్రసిద్ధి పొందిన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం దేశమంతటా తర్కం నేర్చుకునే విద్యార్థులకు మొదటి పుస్తకం. అందులోనూ, దాని మీద వచ్చిన వ్యాఖ్యానాల్లోనూ కారణానికి మూడు లక్షణాలు కనిపిస్తాయి. కార్యం కంటె ముందు ఉండాలి. అప్పుడప్పుడు కాకుండా తప్పనిసరిగా ఉండాలి. మూడోది అన్నిటికంటె గట్టి షరతు: అన్యథాసిద్ధం కాకూడదు. అంటే, అది లేకపోయినా మిగతావాటితోనే కార్యం పూర్తయిపోయేటట్టు ఉంటే, అది ఎన్నిసార్లు ముందు కనిపించినా దాన్ని కారణాల లెక్కలో వేయకూడదు.

ఈ మూడో షరతును న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు కుండ ఉదాహరణతో విప్పి చూపించారు. మట్టి, సారె, సారె తిప్పే కర్ర, కుమ్మరి, ఇవి కుండకు కారణాలు. కానీ కుండ తయారయ్యే ముందు అక్కడ ఇంకా చాలా ఉంటాయి. కర్ర ఉన్నచోట దాని రంగు ఉంటుంది. ఆకాశం ఎలాగూ ఉంటుంది. కుమ్మరి ఉన్నాడంటే అతని తండ్రి ఒకప్పుడు ఉండే ఉంటాడు. మట్టి మోసుకొచ్చిన గాడిద పెరట్లో కట్టేసి ఉంటుంది. విశ్వనాథ పంచాననుడి సిద్ధాంతముక్తావళి ఇలాంటి అనవసరపు ముందువాళ్లను అయిదు రకాలుగా విడదీసింది. గాడిదది చివరి స్థానం. ఒకానొక కుండ వెనుక నిజంగానే గాడిద ఉండవచ్చు. అయినా మట్టిని బండి మీద తెచ్చినా, నెత్తిన తెచ్చినా కుండ ఆగదు. పడమటి వైద్యంలో 1965లో బ్రాడ్‌ఫర్డ్ హిల్ సంబంధానికీ కారణానికీ మధ్య దూరాన్ని కొలవడానికి తొమ్మిది కోణాలు సూచించాడు. అవి పరిశోధకులకు బాగా ఉపయోగపడ్డాయి. కానీ ఎవరిని కారణాల పంక్తిలోంచి లేపేయాలి అన్న ఒక్క విషయంలో కుమ్మరి ఇంటి ఉదాహరణే ఎక్కువ పదునుగా ఉంటుంది.

మలేరియా చరిత్ర దీనికి మంచి రుజువు. చిత్తడి నేలల దగ్గర చలిజ్వరం వస్తుందని రెండువేల ఏళ్లుగా మనుషులకు తెలుసు. నేల నుంచి లేచే చెడుగాలే కారణమన్నారు. గాలి ముందుంది, తప్పకుండా ఉంది, రెండు షరతులూ నెగ్గింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాక చెడుగాలి మూడో షరతు దగ్గర పడిపోయింది. చిత్తడి నేల మాత్రం పూర్తిగా పోలేదు. దోమ పుట్టే చోటుగా దాని పని దానికి మిగిలింది.

తాకయాసు విషయంలో క్షయను ఇదే కొలతకు పెట్టి చూడాలి. 1977లో మెక్సికో వైద్యులు 107 మంది తాకయాసు రోగులను వర్ణిస్తూ సుమారు సగం మందికి క్షయ చరిత్ర ఉందని రాశారు. మన దేశంలోనూ ఈ రోగుల్లో, క్షయ క్రిమి సోకిందేమో చూసే మాంటూ పరీక్ష పాజిటివ్ రావడం ఎక్కువని పలు నివేదికలు వచ్చాయి. వినగానే కొట్టొచ్చినట్టుండే మాటలివి. అయితే భారతదేశంలో 15 ఏళ్లు దాటినవారిలో సుమారు 31 శాతం మందికి క్షయ క్రిమి సోకి ఉందని 2019-21 జాతీయ సర్వేలో తేలింది. వారిలో అత్యధికులకు జబ్బు బయటపడదు. ఇంతమందిలో ఉన్న క్రిమి ఒక అరుదైన జబ్బు ఉన్నవారిలోనూ కనిపించడంలో ఆశ్చర్యమేముంది? అదే ఊరిలో, అదే వయసులో, అదే ఇరుకు ఇళ్లలో బతికే ఆరోగ్యవంతులతో పోల్చి, వాళ్లకంటె రోగుల్లో ఎంత ఎక్కువో చూపించినప్పుడే ఆ సంఖ్యకు విలువ. పోల్చకుండా చెప్పిన శాతం గాడిదను చూపించి కుండ లెక్క చెప్పడం లాంటిదే.

పైగా రెండు చోట్ల లెక్క కుదరడం లేదు. క్షయ అరుదైన దేశాల్లోనూ, తక్కువగానే అయినా, తాకయాసు వస్తోంది. మన దేశంలో క్షయ జబ్బు మగవాళ్లలో ఎక్కువ, తాకయాసు ఆడవాళ్లలో ఎక్కువ. ఆడవాళ్ల రోగనిరోధక వ్యవస్థ ఇలాంటి జబ్బులకు సులభంగా లోనవుతుంది కాబట్టి ఈ రెండో అభ్యంతరం అంత గట్టిది కాదు. మొదటిది మాత్రం తప్పనిసరిగా ముందు ఉండాలి అన్న షరతునే కొడుతోంది.

ఇక ధమని గోడలోనే క్రిమి ఉందా అని వెతికినవాళ్లు ఉన్నారు. మెక్సికోలో 2012లో వెలువడిన ఒక అధ్యయనం తాకయాసు రోగుల బృహద్ధమని నమూనాల్లో చాలావాటిలో క్షయ క్రిమి జన్యుపదార్థపు ముక్కలు దొరికాయని చెప్పింది. మామూలు కొవ్వు పూడికతో దెబ్బతిన్న ధమనుల్లోనూ కొన్నిట్లో అవి కనిపించాయి. దానికి మూడేళ్ల ముందే ఫ్రాన్స్‌లో అదే వెతికినవారికి ఒక్క నమూనాలోనూ ఏమీ దొరకలేదు. క్షయ విస్తారంగా ఉన్న దేశంలో దొరికింది, లేని దేశంలో దొరకలేదు. దొరికినదాన్నీ దొరకనిదాన్నీ కలిపి చూస్తే, జబ్బు గురించి కంటె ఆ రెండు దేశాల గురించే ఎక్కువ తెలుస్తోంది.

ఇంతటితో క్షయను కొట్టిపారేయవచ్చా? పారేయకూడదు. ఎందుకంటే ఆ చోట కనిపించకపోవడం, ఆ క్షణానికి లేకపోవడం కారణత్వాన్ని కొట్టేయవని కూడా న్యాయశాస్త్రమే చెప్పింది. చిన్నప్పుడు చూసిన ఊరు ముసలితనంలో గుర్తొస్తుంది. చూడటం అనే అనుభవం ఎప్పుడో పోయింది. పోయినదే జ్ఞాపకానికి కారణమెలా అయింది? అనుభవం ఆత్మలో సంస్కారం అనే ముద్రను వదిలింది, ఆ ముద్ర ద్వారా పని చేసింది అని నైయాయికుల జవాబు. మధ్యలో పని చేసిన ముద్రను వ్యాపారం అంటారు. వ్యాపారం మధ్యలో ఉన్నంత మాత్రాన అసలుది అన్యథాసిద్ధం కాదు. కుమ్మరి తండ్రికీ అనుభవానికీ ఇదే తేడా. తండ్రి కుమ్మరిని కన్నాడు, అంతటితో కుండతో ఆయన పని అయిపోయింది. అనుభవం వదిలిన ముద్ర మాత్రం ఆ అనుభవం తాలూకు విషయాన్నే మోసుకొచ్చి జ్ఞాపకాన్ని పుట్టిస్తుంది.

రోగనిరోధక వ్యవస్థకూ జ్ఞాపకం ఉంది. ఒకసారి చూసిన క్రిమి ఆకారాన్ని కొన్ని కణాలు ఏళ్లతరబడి గుర్తుంచుకుంటాయి. క్షయ క్రిమిలో 65 కిలోడాల్టన్ల హీట్ షాక్ ప్రొటీన్ ఒకటి ఉంది. మనిషి కణాల్లోనూ దాన్ని పోలిన ప్రొటీన్ ఉంది. క్రిమి ప్రొటీన్‌ను గుర్తుంచుకున్న కణాలు పోలిక చూసి మోసపోయి ధమని గోడ మీద పడుతున్నాయన్నది ఒక సిద్ధాంతం. తాకయాసు రోగుల రక్తంలో ఈ ప్రొటీన్‌కు స్పందించే కణాలు, యాంటీబాడీలు ఎక్కువగా ఉన్నాయన్న పరిశీలనలు కొన్ని, భారతీయ పరిశోధకులవీ సహా, ఉన్నాయి. ఇది నిజమైతే గోడలో క్రిమి దొరకనక్కర్లేదు. క్రిమి వచ్చి, ముద్ర వేసి, వెళ్లిపోయి ఉంటుంది.

ఇది ఊహ మాత్రమే అని తేలిగ్గా తీసేయడానికి వీల్లేదని కీళ్లవాత జ్వరం, అంటే రుమాటిక్ ఫీవర్, చూపిస్తుంది. పిల్లవాడికి గొంతునొప్పి వస్తుంది, తగ్గిపోతుంది. రెండు మూడు వారాల తర్వాత కీళ్లు వాస్తాయి, గుండె కవాటాలు దెబ్బతింటాయి. కవాటంలో వెతికితే స్ట్రెప్టోకాకస్ క్రిమి దొరకదు. అయినా కారణం అదేనని ఎవరూ అనుమానించరు. ఎందుకంటే మూడు, నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయిస్తూ గొంతు ఇన్‌ఫెక్షన్ రాకుండా చూస్తే జబ్బు తిరగబెట్టడం ఆగిపోతోంది. ఇరవై ఒక్క రోజుల ఇంజెక్షన్ అని తెలుగు ఇళ్లలో తరాలుగా తెలిసిన మందు ఇదే. అది ఉంటే ఇది ఉండటం అన్వయం, అది లేకపోతే ఇది లేకపోవడం వ్యతిరేకం. ఆ ఇంజెక్షన్ వ్యతిరేకాన్ని నిలబెట్టింది. తాకయాసుకు అన్వయం కొంత ఉంది, వ్యతిరేకం లేదు. క్షయ మందులు మాత్రమే వాడి తాకయాసును తగ్గించినట్టు ఒప్పించే రుజువు ఇంతవరకు రాలేదు.

జెయింట్ సెల్ ఆర్టెరైటిస్‌లో అనుమానం కొన్నేళ్లు సర్పి మీద నిలిచింది. చిన్నప్పుడు ఆటలమ్మగా వచ్చి, నరాల మూలాల్లో నిద్రపోయి, పెద్దయ్యాక సర్పిగా లేచే వైరస్ అది. వయసు మళ్లాకే లేవడం, ధమనుల్లోకి పాకగలగడం, రెండూ ఈ జబ్బుకు సరిపోయాయి. 2015లో అమెరికాలో గిల్డెన్, నేగెల్ బృందం 82 మంది రోగుల కణత ధమనుల్లో 61 మందివాటిలో ఈ వైరస్ ప్రొటీన్ దొరికిందని, మామూలు ధమనులు 13లో ఒక్కదానిలోనే కనిపించిందని ప్రకటించింది. అందరూ వైరస్ మందులు వాడాలా అని తర్జనభర్జన పడ్డారు. తర్వాత మరికొన్ని ప్రయోగశాలలు వెతికితే వైరస్ జన్యుపదార్థం దొరకలేదు. ప్రొటీన్‌ను పట్టుకోవడానికి వాడిన యాంటీబాడీలే కండర కణాలకు అంటుకుని ఉన్నట్టు చూపించాయేమోనన్న సందేహం వచ్చింది. ఇంత పెద్ద వాదన ఒక రంగు మరక దగ్గర ఆగిపోయింది. వైరస్ నిజంగా ఉన్నా మరో చిక్కు ఉంది. అమెరికాలో పెద్దవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా ఈ వైరస్‌ను ఒంట్లో మోస్తున్నవారే. అందరిలో ఉన్నది కుండ ఉదాహరణలో ఆకాశం లాంటిది. దానిలో ప్రత్యేకంగా ఏం జరిగితే ఆ జబ్బు వస్తుందో చెప్పనిదే వాదన పూర్తి కాదు.

డెన్మార్క్‌లో ఈ జబ్బు కేసులు మైకోప్లాస్మా న్యుమోనియా వ్యాపించిన కాలాలతో పాటు పెరిగాయని, అమెరికాలోని ఓల్మ్‌స్టెడ్ కౌంటీలో కొన్నేళ్లకొకసారి అలలుగా వచ్చాయని 1990ల్లో రాశారు. అలా కాలంతో ఎగుడుదిగుడు కావడం ఏదో అంటు వెనుక ఉందనడానికి సూచన. కాకతాళీయం కాదని నిలబెట్టేంత పునరావృతం మాత్రం కాలేదు.

ఇన్ని పేర్లు రావడమే మరో తాత్త్విక ప్రశ్నను లేపుతుంది. ఒకే జబ్బుకు ఒక దేశంలో క్షయ, మరో దేశంలో సర్పి, ఇంకోచోట న్యుమోనియా కారణం కావచ్చా? నిప్పు గడ్డి నుంచీ పుడుతుంది, అరణి కట్టెల రాపిడిలోనూ పుడుతుంది, ఎండ సోకిన సూర్యకాంత మణి నుంచీ పుడుతుంది. గడ్డి లేకపోయినా నిప్పు ఉంటే గడ్డి నిప్పుకు తప్పనిసరి ఎలా అవుతుంది? ఉదయనుడి న్యాయకుసుమాంజలి దాకా పాకిన పాత వివాదం ఇది. ఆ మూడింటిలోనూ కనిపించని ఒకే శక్తి ఉంది, అదే కారణం అని మీమాంస అనే మరో దర్శనాన్ని అనుసరించే మీమాంసకుల పక్షం. కాదు, పైకి ఒకటే అనిపించినా ఆ మూడు నిప్పులూ మూడు జాతులవి, ఒక్కోదానికి ఒక్కో కారణం అని నైయాయికుల పక్షం.

పరిశోధన ఈ రెండు దారుల్లోనే నడుస్తోంది. క్రిములు ఏవైనా అవన్నీ రోగనిరోధక వ్యవస్థలో ఒకే మీటను నొక్కుతాయని నమ్మేవాళ్లు మీమాంసకుల్లా ఆ ఉమ్మడి శక్తిని వెతుకుతున్నారు. జెయింట్ సెల్ ఆర్టెరైటిస్‌లో వాపును రేపే ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రొటీన్‌ను అడ్డుకునే టోసిలిజుమాబ్ మందు పని చేయడం వాళ్లకు బలం. నిప్పు ఎక్కణ్ణుంచి వచ్చినా నీళ్లు ఆర్పుతున్నాయి కదా! తాకయాసు అనే పేరు కింద నిజానికి రెండు మూడు జబ్బులు కలిసిపోయి ఉన్నాయేమో, జపాన్ రోగికీ మన రోగికీ ధమనులు దెబ్బతినే చోటు వేరుగా ఉండటం అందుకేనేమో అన్నవాళ్లది నైయాయికుల దారి. ఈ రెండో దారిని పరిశోధకులు తక్కువ నడిచారు. కలిపి లెక్కపెట్టిన రోగుల్లో ఏ క్రిమీ తప్పనిసరిగా కనిపించకపోవడానికి కలపడమే కారణమై ఉండవచ్చు.

నిప్పు గురించే మరో ముచ్చట. చంద్రకాంత మణిని దగ్గర పెడితే నిప్పు కాల్చదని పాత నమ్మకం. నిప్పు, కట్టె రెండూ ఉన్నాయి, కాలడం లేదు. దీనికి నైయాయికులు ఒక తెలివైన జవాబు చెప్పారు. అడ్డు లేకపోవడం కూడా ఒక కారణమే. ప్రతిబంధకాభావం అన్నది వాళ్ల మాట. లేకపోవడాన్ని కారణాల్లో లెక్కపెట్టడం చాలామందికి వింతగా తోచింది. ధమని గోడను చూస్తే వింతగా తోచదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద ధమనిలో డెండ్రైటిక్ కణాలనే కాపలా కణాలు పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌ను చూపి దాడికొచ్చే కణాలను ఆపుతాయి. జెయింట్ సెల్ ఆర్టెరైటిస్ ఉన్న ధమనుల్లో ఈ అడ్డు బాగా తగ్గిపోయిందని 2017లో వేయాండ్, గొరొంజీ బృందం చూపించింది. క్యాన్సర్ చికిత్సలో ఈ అడ్డును కావాలని తీసేసే మందులు వాడుతారు. అలా వాడినవారిలో కొద్దిమందికి ఇదే ధమనుల వాపు వచ్చింది. క్రిమి ఏమీ లేకుండానే, అడ్డు తీసేయడంతోనే జబ్బు వచ్చిందంటే, ఇన్‌ఫెక్షన్ ఒక్కదాన్నే పట్టుకుని వేలాడటం తప్పుదారి అని తెలుస్తోంది. ఇన్‌ఫెక్షన్ ఉన్నా అడ్డు గట్టిగా ఉన్నవాళ్లకు ఏమీ కాకపోవచ్చు. తాకయాసు రోగుల్లో జపాన్‌లోనూ మన దేశంలోనూ ఎక్కువగా కనిపించే హెచ్‌ఎల్‌ఏ-బి52 అనే వంశపారంపర్య గుర్తు కూడా ఈ లెక్కలోదే. ఒంటి తీరు, బయటి తాకిడి, అడ్డు లేకపోవడం, మూడూ కలిసిన సామగ్రి వల్లే కార్యం.

ఈ జబ్బు బయటిదా, లోపలిదా? చరకసంహిత రోగాలను నిజం, ఆగంతువు అని రెండుగా విడదీసింది. దోషాలు చెడి లోపల పుట్టేది నిజం. దెబ్బ, విషం, భూతాది బాధల వల్ల బయటి నుంచి వచ్చేది ఆగంతువు. అంతటితో ఆగక, ఆగంతువు ముందు నొప్పిగా మొదలై తర్వాత దోషాలను చెడగొట్టి నిజంలా నడుస్తుందని కూడా చెప్పింది. ఇన్‌ఫెక్షన్ మొదలుపెట్టి, రోగనిరోధక వ్యవస్థ కొనసాగించే జబ్బుకు ఈ వర్ణన వింతగా అతుకుతుంది. చరకుడికి క్రిములూ ధమనుల వాపూ ముందే తెలుసునని ఇక్కణ్ణుంచి గంతు వేయడం మాత్రం అతి. ఆయన చెప్పింది విభజన, ఆ విభజనలోని గీత చెరిగిపోతుందన్న హెచ్చరిక. ఆ రెండే చాలు.

క్రిమిశాస్త్రం పుట్టిన చోటా గీత ఇలాగే చెరిగింది. 1882లో క్షయ క్రిమిని చూపించిన రాబర్ట్ కోచ్ పేరుతో ప్రసిద్ధమైన నియమాల్లో మొదటిది, క్రిమి రోగుల్లో ఉండాలి, ఆరోగ్యవంతుల్లో ఉండకూడదు అన్నది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల పేగుల్లో కలరా క్రిములు కనిపించాక ఆయనే దాన్ని సడలించుకోవాల్సి వచ్చింది.

రోగి అడిగే ప్రశ్న వేరు. పాతికేళ్లకే నాడి అందకుండా పోయిన అమ్మాయి, ఆమె తల్లి అడిగేది ఏ క్రిమి అని కాదు, మాకే ఎందుకు అని. పూర్వజన్మ పాపం రోగమై పీడిస్తుందన్న జవాబు మన దగ్గర సిద్ధంగా ఉంటుంది. అయితే భారతీయ మతచింతన అంతా ఆ ఒక్క జవాబుతో సరిపెట్టుకోలేదు. సంయుత్తనికాయంలో మోలియ శివకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి సరిగ్గా ఇదే అడుగుతాడు: మనిషి అనుభవించే ప్రతి బాధా చేసుకున్న కర్మ వల్లేనా? బుద్ధుడు కాదంటాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, అవి మూడూ కలవడం, ఋతువుల మార్పు, జాగ్రత్త లేని నడవడి, బయటివాళ్ల దాడి, వీటి తర్వాత ఎనిమిదోదిగా కర్మఫలాన్ని లెక్కపెడతాడు. అన్నీ కర్మవల్లే అనేవాళ్లు తమకు తెలిసినదాన్నీ లోకానికి తెలిసినదాన్నీ దాటిపోతున్నారని మందలిస్తాడు. కర్మను కాదనకుండానే, శరీరానికి శరీరపు కారణాలు ఉంటాయని ఒప్పుకున్న మాట అది. కర్మ సిద్ధాంతాన్ని నమ్మే ఇంట్లోనూ ఆ అమ్మాయి మీద తప్పు మోపడానికి శాస్త్రాధారం లేదు.

క్రిమి మీద తప్పు మోపడంలోనూ ఇలాంటి ప్రమాదమే ఉంది. తాకయాసును క్షయ అని పిలిస్తే చదువు, పెళ్లి, ఉద్యోగం అన్నీ తలకిందులవుతాయి. అంటురోగమని విడిగా గ్లాసు, కంచం పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. తాకయాసు అంటుకోదు, జెయింట్ సెల్ ఆర్టెరైటిస్ కూడా అంటుకోదు. క్షయ క్రిమే నేరుగా బృహద్ధమని గోడను తినేసే అరుదైన జబ్బు వేరే ఉంది. దానికి క్షయ మందులు తప్పనిసరి, స్టెరాయిడ్లు మాత్రమే ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. రెండింటినీ విడదీయడం వైద్యుడి మొదటి పని.

ప్రస్తుతానికి తీర్పు ఇలా ఉంది. సిఫిలిస్ విషయంలో కారణం రుజువైంది. జెయింట్ సెల్ ఆర్టెరైటిస్‌కు సర్పి వైరస్ మీద మోపిన ఆరోపణ బలహీనపడింది. తాకయాసుకు క్షయ కారణమని రుజువు కాలేదు, సంస్కారం లాంటి ముద్ర ద్వారా పని చేసి ఉండవచ్చన్న దారి తెరిచే ఉంది. ఆ దారిలో నిలబడాలంటే క్షయను అదుపు చేసిన జనాభాలో తాకయాసు తగ్గిందని ఎవరైనా చూపించాలి. ఈలోగా వైద్యం నడిచే పద్ధతి ఇది: తాకయాసు రోగికి స్టెరాయిడ్లు, రోగనిరోధకతను తగ్గించే మందులు మొదలుపెట్టే ముందు మాంటూ లేదా రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రేతో క్షయ కోసం వెతుకుతారు. ఆ మందులు నిద్రపోతున్న క్షయను లేపగలవు కాబట్టి. క్షయ ఉంటే దానికి మందులిస్తారు, లేకపోతే ఇవ్వరు.